దొడ్డి నిండితే ఒకటి

మా ఆయన విజేందర్ పాలమూరులో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ గెస్ట్ లెక్చరర్. గెస్ట్ అంటే చుట్టం. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న చుట్టం ఏదో ఒకరోజు ఇంట్లోవాడైపోవాలి గానీ, కాలేజీలో అట్లా కుదరదు. ప్రతి మార్చిలో ఆయన ఉద్యోగం అయిపోతుంది. కాలేజీలు తెరిచాక మళ్లీ దరఖాస్తు, మళ్లీ కమిటీ ముందు డెమో క్లాసు. కప్ప గుండెకు మూడు గదులని ఏటేటా నిరూపించుకుంటూ వస్తున్న మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే. ఈపాటికి కప్పకు కూడా విసుగొచ్చి ఉంటుంది.

ఈ ఏడు ఆ కప్ప కూడా లేకుండా పోయింది. సిలబస్ మారింది. జీవశాస్త్రం పిల్లలకు గణిత నమూనాలు అని కొత్త పేపరు పెట్టారు. జీవులు ఎట్లా పెరుగుతాయి, ఎట్లా తగ్గుతాయి, ఒకదాన్నొకటి ఎట్లా తింటాయి అనేదంతా సమీకరణాలతో చెప్పాలి. లెక్కల డిపార్ట్‌మెంట్ వాళ్లు జంతువులు మావి కావన్నారు. జువాలజీ వాళ్లు సమీకరణాలు మావి కావన్నారు. మధ్యలో ప్రిన్సిపాల్ గారు అలిసిపోయి, గెస్ట్ పోస్టుకు వచ్చేవాళ్లు డెమో ఈ పేపర్లోంచే చెప్పాలని తేల్చేశారు. పోస్టు ఒక్కటే. దరఖాస్తులు రెండు. ఒకటి మా ఆయనది, రెండోది దీప్తి అనే అమ్మాయిది. ఆ అమ్మాయికి హైదరాబాద్ పీహెచ్‌డీ, ల్యాప్‌టాప్, ముప్పై దాటని వయసు ఉన్నాయి. మా ఆయనకు నేను ఉన్నాను.

నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్. ఈ సంగతి మా చుట్టాల్లో ఎవరికైనా గుర్తొచ్చేది పెళ్లిళ్లలో ఎన్ని కిలోల బియ్యం ఎసట్లో పోయాలో తేలనప్పుడే. ఆ సాయంత్రం మా ఆయనకు కూడా గుర్తొచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"మల్లికా, జర గీ లెక్కల సంగతేందో చెప్పు. ఈసారి ఉద్యోగం పోయేటట్టే ఉన్నది."

"ముందుగాల చేతులు కడుక్కో బావా. బస్సుల కడ్డీలన్ని పట్టుకొని వచ్చినవ్."

విజేందర్ మా మేనత్త కొడుకు. అందుకే పెళ్లికి ముందూ తర్వాతా బావే. కులానికి గొల్లవాడే గానీ, వాళ్ల నాయిన ఆర్టీసీలో డ్రైవరు కావడం వల్ల టౌన్లో పుట్టి టౌన్లో పెరిగాడు. గొర్రె గురించి ఆయనకు తెలిసిందంతా పుస్తకంలో తెలిసిందే. గొర్రె లోపల ఏముంటుందో బాగా చెబుతాడు. బయట ఏముంటుందో మా బాపును అడగాలి.

చేతులు కడుక్కుని వచ్చాక కాగితం మీద x అని రాశాను.

"ఇది గొర్ల మంద."

"ఏ జాతి?"

"ఏ జాతైతేంది?"

"గట్లంటే ఎట్ల? దక్కని గొర్రె తీరు వేరు, నెల్లూరు గొర్రె తీరు వేరు. అండ్ల ఆడియెన్ని, పొట్టేళ్లెన్ని? పొట్టేలు ఈనదు గదా."

"ఈనేటియి ఈనుతయి, సచ్చేటియి సస్తయి. అన్ని కలిపి x."

"ముసలియి?"

"ముసలియి గూడ అండ్లనే ఉన్నయి."

"అట్ల కలపొద్దు మల్లికా. ప్రతి జీవి వేరు."

మా ఇద్దరికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. లెక్కలు చదివినవాళ్లు ముందు అన్నీ బయట పారేసి, అవసరమైతే ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకుంటారు. జీవశాస్త్రం చదివినవాళ్లు ఏదీ పారేయరు. మా ఇంటి అటక చూసినవాళ్లకు ఈ సంగతి నేను విడిగా చెప్పనక్కరలేదు.

వారం రోజులు ఇట్లాగే సాగింది. ఆయన దరఖాస్తు పని మీద కాలేజీకి తిరిగి వస్తాడు, నేను అప్పటికి ఇంటిపని ఒక కొలిక్కి తెచ్చి కూర్చుంటాను, ఇద్దరికీ ఒంట్లో ఓపిక ఉండదు. చివరికి ఒకరోజు సమీకరణం రాయడం మానేసి ప్రశ్నలు మొదలుపెట్టాను.

"మంద చిన్నగున్నది. పిల్లలు ఎక్కువ పుడతయా, తక్కువ పుడతయా?"

"తక్కువ. తల్లులే తక్కువ గదా."

"మంద బాగ పెరిగి జాగ మొత్తం నిండింది. అప్పుడు?"

"మేత సాలదు. రోగాలొస్తయి. పెరుగుడు ఆగిపోతది."

"అయితే పెరుగుడు దేని మీద ఆధారపడ్డట్టు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఉన్న గొర్ల మీద. ఇంకా మిగిలిన జాగ మీద."

"గా రెండిటిని గుణించు. అయిపాయె."

కాగితం తిప్పి తిప్పి చూశాడు. "గింతేనా? దీనికి గింత లావు పుస్తకం ఎందుకు రాసిర్రు?"

నాకు కొంచెం ఊపిరాడింది. కానీ డెమోకు ఇంకో నిబంధన ఉంది. ఉదాహరణ ఈ ప్రాంతపు జంతువుల మీదే ఉండాలి, వివరాలు సొంతంగా సేకరించినవే కావాలి. అందుకని ఆ శనివారం ఇద్దరం కొత్తకోట బస్సెక్కాం. కొత్తకోటలో దిగి ఆటోలో లోపలికి పోతే మా అమ్మగారి ఊరు. మా బాపు ఐలేశానికి గొర్రెల మంద ఉంది.

రాత్రి అన్నం తినేటప్పుడు మా ఆయన మొదలుపెట్టాడు. "మామా, మన మందల గొర్లెన్నున్నయి?"

"ఉన్నయి," అన్నాడు బాపు.

"అంటే ఎన్ని?"

"ఉన్నయిరా."

"పోయినేడు ఎన్నుండె?"

"పోయినేడు గూడ ఉండె."

మా ఇళ్లలో మంద ఎంతని ఎవరూ చెప్పరు. అంకె నోరు దాటితే దిష్టి తగులుతుందని. అడగడం కూడా మర్యాద కాదు. ఈ సంగతి మా ఆయనకు తెలియక కాదు. తెలుసు. కానీ ఆయన ఉద్దేశంలో అది నమ్మకం, ఇది డేటా. రెండూ వేర్వేరు సంచుల్లో ఉంటాయని ఆయన అనుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను వంటింట్లో మా అమ్మతో రొట్టెలు చేస్తున్నాను. బయట ఎవరో ఇంగ్లీషులో జపం చేస్తున్నట్టు వినిపించింది. తొంగి చూస్తే మా ఆయన దొడ్డి గేటు పక్కన నిలబడి ఉన్నాడు. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి మేతకు బయలుదేరుతున్నాయి. ఆయన ఒక్కొక్కదానికి చూపుడువేలు పెట్టి, పైకి అంకె చెబుతూ లెక్కపెడుతున్నాడు. నేను పిండి చేతులతో పరిగెత్తేసరికి ఆఖరి గొర్రె కూడా దాటిపోయింది.

బాపు భుజం మీది గొంగడి జారిపోయినా చూసుకోలేదు.

"ఏం చేస్తున్నవ్‌రా?"

"లెక్కపెట్టిన మామా."

"వేలు పెట్టి?"

"ఆఁ, వేలు పెట్టే."

"మీ నాయిన బస్సు నడిపిండని, గొర్లను గూడ టికెట్లు కొట్టి ఎక్కిద్దామనుకున్నవా?"

మా అమ్మ జానమ్మ లోపలి నుంచి ఉప్పు, ఎండు మిరపకాయలు గుప్పెట పట్టుకుని వచ్చింది. మంద వెనకే కొంత దూరం నడిచి దిష్టి తీసింది. వెనక్కి వచ్చి, ఎందుకైనా మంచిదని అల్లుడికి కూడా తీసింది. మిరపకాయలు నిప్పుల్లో పడ్డాక అందరం దగ్గుతూ నిలబడ్డాం.

"గా అంకె ఎవలికన్న చెప్పినవా?" అన్నాడు బాపు.

"లేదు మామా."

"చెప్పకు. ఒట్టు పెట్టు."

"మామా, జర నా మాట విను. గిది నా ఉద్యోగం సంగతి. కమిటీ ముంగట..."

"నీ ఉద్యోగం ఏడాదికోపారి పోవుడు, వచ్చుడు ఉన్నదే గదా. మంద ఒక్కపారి పోయిందంటే మల్ల రాదు. నీలినాలుక రోగమొచ్చి మంద పోయిన యేడు సూడలే నువ్వు. నేను సూసిన."

మా ఆయన ఒట్టు పెట్టాడు. నా నెత్తి మీద పెట్టాడు. మా ఇంట్లో ఎవరు ఎవరికి ఒట్టు పెట్టాలన్నా నా నెత్తే అందుబాటులో ఉంటుంది.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన చూపుడువేలు చూసుకుంటూ కూర్చున్నాడు.

"నాకు తెల్సు మల్లికా. ఒక్కటి గూడ తప్పు పోలే. తెల్సి చెప్పరాకుండ అయ్యింది."

"నాకన్న చెప్పు."

"నీ నెత్తి మీదనే గదా ఒట్టు పెట్టింది."

రెండు రోజులకు మా అమ్మ ఫోన్ చేసింది. ఒక గొర్రె కుంటుతోందట.

"ముల్లు గుచ్చుకున్నదేమో సూడమను అమ్మా."

"ముల్లే. మీ బాపు తీసిండు."

"మరింకేంది?"

"ముల్లు గుచ్చుకున్నది సరే. ఎందుకు గుచ్చుకున్నది?"

ఈ ప్రశ్నకు ఎమ్మెస్సీలో కూడా జవాబు చెప్పలేదు. మాట మార్చాలని ఎప్పుడూ అడిగేదే అడిగాను. "దొడ్డి ఎట్లున్నదే ఇప్పుడు?"

"మంచిగనే ఉన్నది. జర తక్కువ నిండుగ ఉన్నది. పండక్కు పొట్టేళ్లను అమ్మినం గదా."

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నేను అట్లాగే నిలబడిపోయాను. పెళ్లయినప్పటి నుంచి నేను అడుగుతున్నది ఇదే. గొర్రెలెన్ని అని అడగను. దొడ్డి ఎట్లుంది అని అడుగుతాను. వాళ్లు దాపరికం లేకుండా చెబుతారు.

"అమ్మా, బాపుకియ్యి ఫోన్."

బాపు అలిగి ఉన్నాడు. అయినా దొడ్డి మాట ఎత్తితే ఆగడు.

"బాపూ, నీలినాలుక వచ్చిన యేడు దొడ్డి ఎట్లుండె?"

"అయ్యో, ఏమున్నది బిడ్డా అప్పుడు. పావు గూడ లేకుండె. అన్ని మూలకు ఒదిగి పంటుండె. సూడ కడుపు తరుక్కుపోతుండె."

"ఆ మీదటేడు?"

"ఒక్కదాన్ని అమ్మలే. సగానికి జర తక్కువ."

"ఆ మీద?"

"ముప్పావు అయ్యె. ఆ మీదటేడు జరంత కొసన తప్ప నిండె. ఇగ నిండినంక యేం పెరుగుతయి? జాగుండాలె గదా. అప్పట్నించి గట్లనే ఉన్నది."

ఒక్క చోట కూడా తడుముకోలేదు. దిష్టికి భిన్నాలు రావన్నమాట. అంకె అడిగితే నోరు మూసుకునే మనిషి, సగం, పావు, ముప్పావు అంటే మంద కథ మొత్తం చెప్పేశాడు. నేను గ్యాస్ బిల్లు వెనక చుక్కలు పెట్టి కలిపాను. మొదట మెల్లగా లేచి, మధ్యలో జోరుగా ఎక్కి, చివర మళ్లీ మెల్లగా వంగే గీత వచ్చింది. పుస్తకంలో ఉన్న గీతే.

మా ఆయన వచ్చాక చూపించాను.

"దొడ్డి నిండితే ఒకటి బావా. మిగిలినయన్ని ఒకటికి లోపలనే. పావు, సగం, ముప్పావు. పెరుగుడు ఎంతంటే, నిండినంత గుణించు ఖాళీ ఉన్నంత."

"మరి అసలు అంకె?"

"నీ నోట్లున్న అంకెను దొడ్డి పట్టే అంకెతోని భాగించు. అయ్యో, నిజంగ చేసేవు గని, చెయ్యకు. చేసినట్టు అనుకో."

"అనుకుంటే సరిపోతదా?"

"లెక్కలల్ల సగం పని అనుకునుడే."

ఆయనకు నమ్మకం కుదరలేదు. "గిది మోసం కాదు గదా మల్లికా?"

"నీ పుస్తకంలనే ఉన్నది. సదవకుండ అట్ట మీది పులిని సూసుకుంట కూసున్నవ్."

డెమో రోజు నేను కూడా కాలేజీకి వెళ్లాను. ఆయన రమ్మనలేదు, వద్దనలేదు. టిఫిన్ డబ్బా మర్చిపోతాడు, అందుకని నేను మోసుకొచ్చానన్నది మా ఇద్దరి మధ్య కుదిరిన కారణం. క్లాసు గది బయట వరండాలో బెంచీ ఉంది. దాని మీద ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్ల కింద నల్లగా ఉంది.

"మీరు గూడ డెమోకే వచ్చిర్రా మేడం?"

"లేదమ్మా. విజేందర్ సార్‌కు తోడు వచ్చిన. నువ్వు దీప్తివి కదా?"

ఆ అమ్మాయి కొంచెం జరిగి చోటిచ్చింది. జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో షిఫ్టుల్లో పనిచేస్తోందట. పొద్దున షిఫ్టు దిగి నేరుగా వచ్చింది.

"నిలబడి నిలబడి కాళ్లు వాస్తున్నయి మేడం. ఇక్కడైతే కుర్చీ అన్న ఉంటది."

"ఉంటదమ్మా," అన్నాను. ఒకటే ఉంటుందని మాత్రం అనలేదు. ఆ అమ్మాయికి తెలుసు.

లోపల కమిటీ ముగ్గురు. ప్రిన్సిపాల్ గారు, వేరే కాలేజీ నుంచి వచ్చిన జువాలజీ మేడం, రిటైరైన ముసలి లెక్కల సారు. కిటికీలు తెరిచే ఉన్నాయి. మా ఆయన బోర్డు మీద దొడ్డి బొమ్మ గీశాడు. కొంత నింపాడు, కొంత ఖాళీ ఉంచాడు. మంద చిన్నగా ఉంటే ఏమవుతుంది, నిండితే ఏమవుతుంది అని నేను ఆయన్ని అడిగిన ప్రశ్నలే వరసగా కమిటీని అడిగాడు. ప్రిన్సిపాల్ గారు కూడా జవాబులు చెప్పారు. సమీకరణం కాగితం చూడకుండానే రాశాడు. గొర్రె వాలుగా పడుకుంటే ఎంత స్థలం ఆక్రమిస్తుందో చెప్పబోయి తనంతట తానే ఆపుకున్నాడు. ఆ వారం రోజుల్లో నేను సాధించింది అదే.

అప్పుడు జువాలజీ మేడం అడిగింది. "ఈ మందలో మొత్తం గొర్రెలెన్ని?"

"దొడ్డి నిండితే ఒకటి అనుకున్నాను మేడం."

"అది సరే. లెక్క ఎంత?"

"నిష్పత్తులు చాలు మేడం."

"మీరు స్వయంగా వెళ్లి సేకరించానన్నారు కదా. ఎన్ని గొర్రెలో తెలియకుండా ఏం సేకరించారు?"

ఆయన ముఖం నాకు కనిపిస్తోంది. అంకె ఆయన నాలుక చివర ఉంది. పొద్దుటి దొడ్డి, గేటు, ఒక్కొక్కటిగా దాటిపోయిన తలలు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్క మాట అంటే చాలు.

"లెక్కపెట్టిన మేడం," అన్నాడు. "నాకు తెలుసు. ఎవరికీ చెప్పనని మా మామకు మాటిచ్చిన."

ప్రిన్సిపాల్ గారు నుదురు రుద్దుకున్నారు. "విజేందర్, ఏదో ఒక అంకె చెప్పవయ్యా. అయిపోతది."

"ఏదో ఒకటి చెప్తే అది డేటా కాదు సార్. నిజం చెప్తే మా మామకిచ్చిన మాట పోతది."

బెంచీ మీద దీప్తి నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో నాకూ తెలియదు, బహుశా ఆ అమ్మాయికీ తెలియదు.

"చెప్పకుంటే సార్‌కు పోస్టు పోతది గదా మేడం," అంది మెల్లగా.

"పోతదేమో."

ఒక్క మాట కోసం ఇంత దూరం వచ్చి, ఆ మాట దగ్గరే ఆగిపోయిన మనిషి మీద నాకు చాలా కోపం వచ్చింది. లోపలికి వెళ్లి ఆ అంకె నేనే అరిచి చెప్పాలనిపించింది. నెత్తి మీది ఒట్టు గుర్తొచ్చి కాదు గానీ, అంకె నాకు తెలియదు కాబట్టి కూర్చున్నాను.

ముసలి లెక్కల సారు అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నాడనుకున్నాం. లేచి వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. గొర్రెల సంఖ్యను దొడ్డి పట్టే సంఖ్యలో సగంగా రాసి, మళ్లీ అదే సంఖ్యతో భాగించాడు. పైనా కిందా కొట్టేశాడు.

"మేడం, సంఖ్య ఏదైనా ఇక్కడ పోతుంది. పదైనా పోతుంది, పదివేలైనా పోతుంది. గీత వంపు మారదు. ఆయనకు తెలిసినా మనకు అవసరం లేదు."

"కానీ రిపోర్టులో శాంపిల్ సైజు అని ఒక గడి ఉంది సార్," అంది మేడం. ఆమె కూడా పొద్దుటి నుంచి వేరే పోస్టుల డెమోలు విని అలిసిపోయినట్టుంది.

ప్రిన్సిపాల్ గారు పెన్ను తీసుకుని ఆ గడిలో ఏదో రాశారు. తర్వాత మా ఆయన చెప్పగా తెలిసింది, 'ఒక మంద' అని రాశారట.

దీప్తి కూడా బాగా చెప్పింది. తెర మీద జింకల మందల రంగురంగుల గీతలు కదిలాయి. మీటలు జరిపితే వంపులు మారాయి. ఎక్కడి జింకల లెక్కలవి అని అడిగితే, ఎక్కడో మంచు పడే దేశంలో ఎవరో రాసిన వ్యాసం పేరు చెప్పింది. ఎందుకు ఆ వంపు అట్లా ఉందని లెక్కల సారు అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగి, సాఫ్ట్‌వేర్ పేరు చెప్పింది.

మూడో రోజు సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"సగం వచ్చింది."

"సగమేంది?"

"ఇద్దరు మంచిగనే చెప్పిర్రని గంటలు చెరి సగం చేసిండు ప్రిన్సిపాల్. సోమ, మంగళ, బుధ నాకు. మిగిలినయి గా పిల్లకు."

గెస్టులకు జీతం గంటలను బట్టే. బాగా చెప్పినందుకు ఇద్దరికీ పడిన శిక్ష అది. బాపుకు ఫోన్ చేసి, బావ అంకె బయటపెట్టలేదని చెప్పాను. "అల్లుడు అన్నం తిన్నడా?" అని అడిగాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం దీప్తి మా ఇంటికి వచ్చింది. సంచిలో జామకాయలు తెచ్చింది. మా ఆయన్ని చూసి ఇబ్బందిగా నవ్వి, నా వైపు తిరిగింది.

"మేడం, సార్ చెప్పేటప్పుడు మీ పెదవులు గూడ కదులుతుంటె, సార్‌కు మీరే చెప్పిర్రని వరండాల నాకు సమజైంది. నాకు గూడ చెప్తరా? నా గీత ఎందుకట్ల వంగుతదో నాకు తెల్వదు. సాఫ్ట్‌వేర్ వంచింది, నేను సూపెట్టిన."

మా ఆయన కుర్చీ జరిపి చోటిచ్చాడు. ఆ అమ్మాయికి దొడ్డి లెక్క చెప్పడం అరగంటలో అయిపోయింది. జీవశాస్త్రం వాళ్లను మొదటే అడగాల్సిన ప్రశ్నలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. తర్వాతి పాఠం ఏమిటని అడిగితే దీప్తి సిలబస్ తీసింది. రెండు జాతులు, ఒకే మేత.

కాగితం మీద x అని, పక్కన y అని రాశాను.

"x ఏంది?" అన్నాడు మా ఆయన.

"y ఏంది?" అంది దీప్తి.

"ఒకటి గొర్లు, ఒకటి మేకలు. జాగ ఒక్కటే."

"అట్లయితే ఫికర్ లేదు," అన్నాడు మా ఆయన. "గొర్రె కిందికి వంగి గడ్డి మేస్తది. మేక పైకి లేసి ఆకు మేస్తది. రెండూ ఉంటయి."

"అందుకే ఉంటయి. పక్కదానికన్నా తనకు తానే ఎక్కువ అడ్డమొస్తే రెండిటికీ చోటుంటది. గీ సమీకరణం చెప్పేది గదే."

దీప్తి పెన్ను ఆపింది. "రెండూ ఒక్క తీరుగ, ఒక్క గడ్డే మేస్తే మేడం?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు పాఠం మొదలు పెట్టినప్పుడే తెలుసు. వేరే అధ్యాయం తీసి ఉండాల్సింది.

"ఒకటే మిగులుతది."

మా ఆయన x మీద ఒక వేలు, y మీద ఒక వేలు పెట్టాడు.

"ఏది?" అంది దీప్తి.

"తక్కువ గడ్డితోని ఎవరు బతకగలిగితే వాళ్లు."

"అట్లయితే నాకు అలవాటే," అన్నాడు మా ఆయన.

"నాకు గూడ అలవాటే సార్," అంది దీప్తి.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ కాగితం వైపే చూస్తున్నారు, అందులో ఇంకో లైను ఏదైనా మిగిలి ఉందేమోనని. అది ఎన్నాళ్లకు జరుగుతుందని మా ఆయన అడిగాడు. ఇంత తొందరగానో, ఇంత ఆలస్యంగానో అని చెప్పడానికి ఇంకా కొన్ని అంకెలు కావాలన్నాను. ఈసారి ఆయన అంకెలు అడగలేదు.

"మార్చి దాకనైతే ఉంటం గదా," అన్నాడు.

"ఉంటం సార్," అంది దీప్తి.

తర్వాత టైంటేబుల్ తీశారు. ఆ పాఠం ఎవరి గంటలో పడుతుందని వెతికారు. బుధవారం తనకు ల్యాబ్ ఉన్నదని ఆయన అన్నాడు. గురువారం తనకు పరీక్ష డ్యూటీ ఉన్నదని ఆమె అంది. ఆ ఒక్క లైను పిల్లల ముందు రాయడానికి ఇద్దరికీ తీరిక లేదని తేలింది.

"గా ఒక్క గంటకు నేనొచ్చి చెప్త," అన్నాను జామకాయ కోస్తూ.

"గెస్టులకు గెస్టా మేడం?" అంది దీప్తి. ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ మనసారా నవ్వలేదు కాబట్టి, ఆ చిన్న నవ్వు కొంచెం పెద్దగానే వినిపించింది.

"ప్రిన్సిపాల్ సార్‌ను అడుగుత," అన్నాడు మా ఆయన.

నాకు కూడా డెమో పెడతాడేమో అది కూడా అడిగి రమ్మన్నాను.